అప్‌డేట్: అమ్మానాన్నలతో కలిసి చూడదగ్గ సినిమాలు అడిగాను కదా, చూశాం

ఇంటిల్లిపాదీ ఇబ్బంది లేకుండా చూడదగ్గవి చెప్పమని అడిగితే చాలామంది సూచించారు. అందరికీ ధన్యవాదాలు.

ముందుగా 'బలగం' (2023). కొమురయ్య చనిపోయాక పిండాన్ని కాకి ముట్టకపోవడం, ఇంట్లోవాళ్లు ఒకరి మీద ఒకరు నెపం వేసుకోవడం చూస్తున్నంతసేపూ నాన్న నోరు మెదపలేదు. చివర్లో పాట మొదలవగానే కండువాతో కళ్లు తుడుచుకున్నారు. పాడిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు నిజంగానే బుర్రకథ కళాకారులు. దర్శకుడు వేణు యెల్దండి వాళ్లనే తెరమీదకు తేవడం ఎంత మంచి పని! వేరెవరో నటిస్తే ఆ గొంతులోని జీర ఎక్కడి నుంచి వస్తుంది? మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆ సంగతి చెప్పాక నాన్న ఆ పాట మళ్లీ పెట్టించుకున్నారు.

'కేరాఫ్ కంచరపాలెం' (2018) నాకు ప్రాణం. ఎక్కువగా ఆ ఊరివాళ్లే నటించారు. మొదట్లో నెమ్మదిగా ఉందని అమ్మ అంటోంది, నేను ఒప్పుకోను.

'నైంటీస్' సిరీస్ ఆరు భాగాలూ ఒకే ఆదివారం పూర్తిచేశాం. లెక్కల మాస్టారు శివాజీ మార్కుల గురించి నిలదీస్తుంటే, "అచ్చం మీ నాన్నే" అంది అమ్మ.

ఇలాంటివే తెలుగులో డబ్ అయిన మలయాళ సినిమాలు ఉంటే చెప్పండి. ఈసారి అడగమన్నది నాన్నే.