సమస్యాపూరణం: గోడ పూలు పూచె గుబురుగాను

సమస్య ఇచ్చినవారు (మహబూబ్‌నగర్):

సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం ఆటవెలది నాలుగవ పాదాన్ని సమస్యగా ఇస్తున్నాను: “గోడ పూలు పూచె గుబురుగాను”. పాదంలోని ఐదు గణాలూ (అక్షరాల గుంపులూ) సూర్యగణాలే; మొదటి గణం తొలి అక్షరానికీ నాలుగవ గణం తొలి అక్షరానికీ కుదరవలసిన యతి, అంటే అక్షరాల పొత్తు, ఇక్కడ గో–గు లది. పై మూడు పాదాలూ రాసి, గోడ పూయడమేమిటన్న చిక్కును విప్పడం మీ పని.

ఈ సమస్య నాకు మా ఇంటి దగ్గరే పుట్టింది. మా పడమటి ప్రహరీ నడుమెత్తు మాత్రమే ఉంటుంది. పక్కన రెండంతస్తుల ఇల్లు లేచినప్పటి నుంచి మా అమ్మ సాయంత్రం వసారాలో కూర్చొని బియ్యం ఏరుకోవడం కూడా మానుకున్నది. ప్రహరీ మీద ఆరడుగుల ఇనుప జాలి కట్టించాను కానీ, దాని మీదికి ఏ పూల తీగను పాకించాలో ఇంకా తేల్చుకోలేదు. అందువల్ల ఒక నిబంధన పెడుతున్నాను. మీ పద్యంలోని తీగ పాలమూరు చలక నేలలో, రోహిణి కార్తె ఎండలో, బోరు నీటితో బతికేదై ఉండాలి. గణయతులను ఎంత నిక్కచ్చిగా చూస్తానో తీగను కూడా అంత నిక్కచ్చిగా చూస్తాను.

నల్లగొండ సభ్యురాలు:

మాపు తెలుపు విరిసి మఱునాడు కెంపెక్కి
రంగు మార్చుకొనెడు రాధ తీగ
పడమటింటి దడినిఁ బందిరిగా నల్లె
గోడ పూలు పూచె గుబురుగాను

మా ఇంటి రాధామనోహరాన్ని చూస్తూ రాశాను. పొద్దు గూకే వేళకు సన్నని పొడుగాటి కాడల చివర తెల్లని పూలు విచ్చుకొని కిందికి వేలాడుతాయి, వాసన రాత్రి పొడుగునా ఉంటుంది. ఒకే గుత్తిలో తెలుపు, గులాబీ, ఎరుపు మూడూ కనిపిస్తాయి.

సమస్య ఇచ్చినవారు:

అమ్మా, మొదటి పాదం చాలా అందంగా వచ్చింది. మా–మ యతి చెవికి హాయిగా ఉన్నది. అయితే పువ్వు మరునాడు గులాబీ రంగుకు వచ్చి ఆ తరువాతి రోజుకు ఎరుపెక్కుతుంది కాబట్టి, నడిమి రోజు మీ పద్యంలో జారిపోయింది. అంతకంటె పెద్ద లోపం సమస్య విడిపోకపోవడం. తీగ అల్లినది దడిని, పూచినది గోడ; ఆ రెండింటినీ కలిపే మాట పద్యంలో లేదు. మూడవ పాదాన్ని “దడియె పచ్చనైన దట్టంపు గోడయై” అని మార్చితే ఆ దడే గోడ అవుతుంది, చిక్కు విడిపోతుంది.

తీగ సంగతికి వస్తే, ఇది బరువైన తీగ. ముదిరిన కొమ్మల మీద రాలిన ఆకుల తొడిమలు గట్టిపడి కొక్కేల్లాంటి ముళ్ళుగా నిలుస్తాయి, వాటితోనే అది పట్టుకొని ఎక్కుతుంది. జాలి స్తంభాలు గట్టివి కాకపోతే రెండు మూడేండ్లలో వంగిపోతాయి.

వనపర్తి సభ్యుడు:

ముండ్లు కావలుండ ముదురు రంగులతోడఁ
గాగితంపుఁ దీగ గప్పె గోడ
నీరు తగ్గనిచ్చి నిండుగాఁ బూయింప
గోడ పూలు పూచె గుబురుగాను

సమస్య ఇచ్చినవారు:

అయ్యా, రెండవ పాదంలో “కాగితంపు”, “కప్పె” లలోని కకారాలు రెంటినీ గకారంగానే నిలిపిన తీరు, మూడవ పాదంలో నీ–ని యతి రెండూ నిర్దోషంగా ఉన్నాయి. “నీరు తగ్గనిచ్చి” అన్న మాటలో అనుభవం పలికింది: కాగితపు పూల తీగకు నీళ్ళు ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, నేల కాస్త ఎండితేనే రంగు విప్పుతుంది. ఆ రంగు నిజానికి రేకులది కాదు, పూల చుట్టూ ఉండే ఆకులది; అసలు పువ్వు ఆ మధ్యన చిన్నగా, తెల్లగా ఉంటుంది. “గోడ” రెండుసార్లు రావడం ఒక్కటే పద్యాన్ని కొంచెం పలుచన చేసింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ తీగ మన కరువు నేలకు ఇంత చక్కగా ఒదిగిపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అయినా మా అమ్మ కూర్చునే వసారా ఆ జాలికి మూరెడు దూరంలోనే ఉన్నది, మనవలు ఆడుకునేదీ అక్కడే. ముళ్ళ వల్ల దీనిని విడిచిపెడుతున్నాను.

దేవరకొండ సభ్యుడు:

నేను కొత్తగా పద్యం నేర్చుకుంటున్నాను, తప్పులుంటే దిద్దగలరు.

సన్నజాజి తీగ చక్కగా పాకింది
సంధ్యవేళ పరిమళములు నింపె
పక్కవారి చూపు పడనీక కాపాడె
గోడ పూలు పూచె గుబురుగాను

సమస్య ఇచ్చినవారు:

గణాలన్నీ సరిపోయాయి, అందుకు ముందుగా అభినందనలు. రెండవ పాదంలో యతి తప్పింది: నాలుగవ గణం “ళములు” అయింది, సంకారానికి ళకారం కుదరదు. “పాకింది” వాడుక మాట, “పూచె” కావ్యభాష. ఒకే పద్యంలో రెండూ ఇమడవు. మీ భావాన్ని కదపకుండా ఇలా దిద్దవచ్చు:

సన్నజాజి తీగ చక్కగాఁ బాకఁగా
సందెవేళఁ దావిఁ జల్లుచుండఁ
బక్కవారి చూపు పడనీక కాపాడి
గోడ పూలు పూచె గుబురుగాను

ఇప్పుడు చూపు పడనీకుండా కాపాడినదీ, పూచినదీ గోడే అయింది. పక్కవారి చూపును పద్యంలోకి తెచ్చినవారు మీరొక్కరే; సమస్య వెనుక ఉన్న అసలు బాధ అదే. కానీ జాజిని చలికాలంలో కత్తిరిస్తేనే బాగా పూస్తుంది, కత్తిరించిన కొన్ని వారాలు జాలి బోసిగా ఉండి చాటు పోతుంది. పైగా మా బోరు నీటి ఉప్పుకు కుండీలోని జాజి ఆకుల అంచులు ఇప్పటికే మాడుతున్నాయి.

గద్వాల సభ్యురాలు:

వానకాలమెల్ల వన్నె నీలముఁ జిల్కు
శంఖపుష్ప లతను జాలి నిండ
విత్తి వదలినంత వెలుపల లోపల
గోడ పూలు పూచె గుబురుగాను

సమస్య ఇచ్చినవారు:

విద్వద్గద్వాల అని ఊరికే అనలేదు మన పెద్దలు! మొదటి పాదం నుంచి చివరి దాకా ఒకే వాక్యంగా సాగిన పూరణ ఇది ఒక్కటే. శం–జా, వి–వె యతులు రెండూ శాస్త్రసమ్మతమే. “వెలుపల లోపల” అనడం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే జాలికి అల్లిన తీగ పక్కింటివారికీ పూస్తుంది. విత్తేది జాలి మొదట్లో కదా, “జాలి నిండ విత్తి” అంటే అన్వయం కొంత తడబడుతుంది. గింజలను రాత్రి నానబెట్టి నాటితే వానకాలంలోనే పూతకు వస్తుంది, చిక్కుడు జాతిది కనుక నేలకు కూడా మేలు. తీగ సన్ననిది కాబట్టి బరువు బాధ లేదు, కానీ అదే కారణంగా ఎండాకాలానికి పలుచబడుతుంది. మా అమ్మకు చాటు కావలసినది అన్ని కాలాల్లోనూ. అందుకే రెండు తీగలను కలిపి నేనూ ఒక పూరణ చేశాను:

మొదటి యేట శంఖు ముందుగాఁ బాకఁగా
రెండవేఁట రాధ నిండి నిలువఁ
జాటు దొరకె మాకు జాలి కానఁగరాక
గోడ పూలు పూచె గుబురుగాను

వనపర్తి సభ్యుడు:

రెండవ పాదంలో రె–ని లకు యతి ఎట్లా చెల్లుతుందో వివరించగలరా?

సమస్య ఇచ్చినవారు:

అక్కడ వేసినది ప్రాసయతి, అంటే యతికి బదులు ఆ రెండు గణాల రెండవ అక్షరాలను కలపడం. “రెండ”, “నిండి” రెండింటిలోనూ సున్న మీది డకారమే ప్రాసగా నిలిచింది; ఆటవెలదిలో, తేటగీతిలో ఇది చెల్లుతుంది. శంఖుపుష్పం మొదటి వానకాలంలో జాలిని కప్పి ఉంచుతుంది, ఈలోగా రాధామనోహరం వేళ్ళు దన్నుకుంటుంది. స్తంభాలను సిమెంటు వేసి గట్టి చేయిస్తున్నాను. మృగశిర కార్తె నాటికి మూరెడు లోతు గుంతలు రెండు తవ్వి, పశువుల ఎరువు నింపి ఉంచుతాను. నల్లగొండ సోదరి తన తీగ నుంచి ఒక అంటు ఇవ్వగలరా?

నల్లగొండ సభ్యురాలు:

అంటు అక్కరలేదన్నా, మా తీగ అడుగున వేళ్ళ నుంచి లేచిన పిలకలు నాలుగున్నాయి. మంచి వాన పడిన మరునాడు మట్టిగడ్డతో సహా తవ్వి, తడి గోనెసంచిలో చుట్టి ఉంచుతాను. అమ్మను కూడా వెంటబెట్టుకొని రండి.