సమస్య: కడుపు పలికె నోరు కదలలేదు

పంతులు: ఆటవెలది చివరి పాదం ఇది. కథల్లో వెంట్రిలాక్విస్టు, అంటే నోరు కదపకుండా గొంతు వేరేచోటినుంచి వచ్చినట్టు పలికేవాడు, ఎక్కడ కనిపిస్తే అక్కడినుంచి పూరించండి. ఒళ్లో బొమ్మ ఉండి తీరాలని లేదు.

ఓరుగల్లు:
కార్వినాడు మాట గదిలోన లేకయే
దైవవాణి యనుచుఁ దలచె నొకడు
ఆలిఁ జంపి బిడ్డలందరిఁ జంపెను
కడుపు పలికె నోరు కదలలేదు

1798లో వచ్చిన చార్లెస్ బ్రాక్‌డెన్ బ్రౌన్ నవల ‘వీలండ్’. కథ ఫిలడెల్ఫియా దగ్గర జరుగుతుంది. అందులోని వెంట్రిలాక్విస్టు కార్విన్.

పంతులు: ‘గదిలోన లేకయే’ చదివి ఒకసారి వెనక్కి చూసుకున్నాను. కాని ‘ఒకడు – ఆలి’ విసంధి, సంధి జరగాల్సిన చోట జరగలేదు. ‘దలచి తుదకు / నాలిఁ జంపి’ అంటే సరిపోతుంది.

ఓరుగల్లు: విసంధితోపాటు ‘ఒకడు’ కూడా పోయాడండీ! ఇక కర్త కార్విన్ ఒక్కడే, హత్యలన్నీ అతని మెడకే చుట్టుకున్నాయి. చంపింది వీలండ్. కొన్ని గొంతులు తనవేనని కార్విన్ ఒప్పుకుంటాడు, చంపమన్న గొంతు మాత్రం తనది కాదంటాడు. అందుకని ‘ఒకడు’ను ఉంచి, మూడో పాదం మారుస్తాను: ‘భార్యఁ జంపి కన్న పాపలఁ జంపెను’.

పంతులు: బాగుంది. సంధి చూస్తూ కథ వదిలేశాను.

కృష్ణాతీరం:
రాజవేషమూడ్చి రాతిరి వేళలో
సోదెచెప్పునింతి చూరుఁ జేరె
చచ్చినట్టి పెద్ద సామువే లట లేచె
కడుపు పలికె నోరు కదలలేదు

ఓరుగల్లు: బైబిలు కథ! సౌలు రాజు, ఏన్దోరు ఊరి సోదెగత్తె. ఆ చచ్చిన ప్రవక్త తెలుగు బైబిల్లో ‘సమూయేలు’ కదా?

కృష్ణాతీరం: ‘సమూ’ అంటే లగం, లఘువు మీద గురువు. దానితో మొదలయ్యే ఇంద్రగణం లేదు మరి. మా వీధి సామువేలును అరువు తెచ్చుకున్నాను.

పంతులు: చూరు దగ్గర ఆపడం బాగుంది, రాజు తల వంచక తప్పదు. అయితే హీబ్రూ కథలో కడుపు ఊసే లేదు, పలికేది సమూయేలే. గ్రీకులోకి తెచ్చినవాళ్లు ఆమెను ‘ఎంగాస్త్రిమూథోస్’ అన్నారు, అంటే కడుపులో మాట ఉన్నది. మీ పూరణ గ్రీకు పక్షం.

కొత్తకలం: సాహిత్యం కాదు, నిన్నటి సభ.
సభకు వచ్చినాము సాపాటు లేకయే
వక్త యాపఁడాయె వాగుచుండె
లేచిపోవ సిగ్గు లేదుపాయము వేరె
కడుపు పలికె నోరు కదలలేదు

కృష్ణాతీరం: హహ్హ! కాని నోరు కదపకుండా అందరి కడుపులూ పలికితే వెంట్రిలాక్విస్టు ఎవరు?

పంతులు: ‘లేచిపోవ’ ఏమిటి నాయనా, సభలోంచి ఎవరితో? ‘లేచి వెళ్ళ’ అను, గణాలు చెడవు. అన్నట్టు నిన్న మూడో వరసలో ఆవలించింది నువ్వేనా? మైకు నా చేతిలోనే ఉంది.