2004 నాటి బరోలో వైన్ రంగు ఇంత వెలిసిపోవడం సహజమేనా?

ప్రశ్న (భార్గవ్):
ఉద్యోగరీత్యా ఇటలీలోని టొరినోలో ఉంటున్నాను. మా ఇంటి యజమాని మొన్న 2004 నాటి బరోలో (ఈ ప్రాంతపు కొండల్లో తయారయ్యే ఎర్ర వైన్) తెరిచి నాకూ ఒక గ్లాసు పోశారు. చిక్కటి ఎరుపును ఊహించుకున్న నాకు, గ్లాసు వెనుక వేళ్లు కనిపించేంత పలచగా, అంచున ఇటుక రంగు తిరిగిన వైన్ కనిపించింది. పండు వాసన కంటే ఎండుటాకుల వాసనే ఎక్కువగా ఉంది. ఆయన మాత్రం ఎంతో ఇష్టంగా తాగారు. ఇది పాడైనదా, లేక దాని గొప్పతనమే ఇదా? అలాంటిదే మరో సీసా నాకు బహుమతిగా ఇచ్చారు కనుక, తెరిచే ముందు తెలుసుకోవాలని అడుగుతున్నాను.

సుధారాణి:
భార్గవ్ గారూ, మీరు చెప్పిన లక్షణాలను బట్టి అది పాడైనట్టు లేదు. బరోలోను నెబ్బియోలో అనే ఒకే రకం ద్రాక్షతో చేస్తారు. ఆ ద్రాక్ష నుంచి రంగు తక్కువగా, టానిన్లు (ద్రాక్ష తొక్క, గింజల్లో ఉండే వగరు పదార్థాలు) మాత్రం దండిగా దిగుతాయి. అందుకే కొత్త బరోలో కూడా పలచగానే కనిపిస్తుంది, కానీ నోట్లో పోసుకుంటే పచ్చి వక్క నమిలినట్టు వగరు పట్టేస్తుంది. టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లతో ముడిపడడమే ఆ వగరుకు కారణం. ఏళ్లు గడిచేకొద్దీ అవి ఒకదానితో ఒకటి, రంగు పదార్థాలతోనూ కలిసి పెద్ద అణువులుగా మారి, కొంత మేరకు సీసా అడుగున మడ్డిగా పేరుకుంటాయి. దానితో వగరు మెత్తబడుతుంది, పులుపు మాత్రం నిలబడి వైన్‌ను చప్పబడకుండా కాపాడుతుంది. బరోలోను కనీసం 38 నెలలు, రిసెర్వా (ఇంకా ఎక్కువ కాలం నిల్వ ఉంచే రకం) అయితే 62 నెలలు నిల్వ ఉంచాకే అమ్మాలని నిబంధన ఉంది, అయినా మంచి సీసాకు అది ఆరంభం మాత్రమే. మొదట్లో ఉండే గులాబీ, తారు వాసనల పక్కన క్రమంగా తోలు, ఎండుటాకులు, ట్రఫుల్ (నేలలో పెరిగే ఘాటు వాసన గల పుట్టగొడుగు లాంటిది) వాసనలు చేరతాయి. నన్ను అడిగితే, గ్లాసులో ఉండగానే ఆ వాసన మారుతూ పోవడమే దాని అసలు ఆకర్షణ.

ప్రసాద్:
వివరణతో ఏకీభవిస్తాను గానీ, వయసే ఒక గుణమన్నట్టు మాట్లాడడం నాకు నచ్చదు. ఎక్కువ భాగం ఎర్ర వైన్లు కొన్నేళ్లలోపు తాగడానికే తయారవుతాయి, దాచితే నీరసిస్తాయి. బరోలో తయారయ్యే ఆ కొండల్లోనే పండే బార్బెరా అనే మరో రకం ద్రాక్షతో చేసే వైన్‌లో టానిన్లు తక్కువ, పండు రుచి ఎక్కువ. రోజువారీ భోజనానికి నేను దానినే ఎంచుకుంటాను. పైగా వెచ్చని గదిలో నిలబెట్టి ఉంచిన సీసా ఎంత పేరున్నదైనా చెడిపోవచ్చు. వెనిగర్ వాసనో, ఉడికిన పండు వాసనో వస్తే అది పరిపక్వత కాదు.

సుధారాణి:
ప్రసాద్ గారి హెచ్చరిక సరైనదే. భార్గవ్ గారూ, తెరవడానికి ఒక రోజు ముందే సీసాను నిలబెట్టి మడ్డిని అడుగుకు దిగనివ్వండి. పాత బిరడా పొడిపొడి కావచ్చు కనుక నెమ్మదిగా తీయండి, మడ్డి సీసా మెడ దాకా రాగానే పోయడం ఆపేయండి. గంటల తరబడి గాలికి వదలకండి, ఆ వయసులో వాసన త్వరగా ఎగిరిపోవచ్చు. తోడుగా నెమ్మదిగా ఉడికిన మాంసమో, ముదురు జున్నో బాగుంటుంది. గోంగూర మాంసం మాత్రం వద్దు, ఆ కారం ముందు ఇంత సున్నితమైన వాసన నిలవదు.