‘డెబ్బది ఏళ్ల మారులు’: మత్తయి 18:22లోని లెక్క

తప్పిదము చేసిన సహోదరుని ఎన్ని మారులు క్షమించాలి, ఏడు మారులా అని శిష్యుడైన పేతురు అడిగినప్పుడు, ‘ఏడుమారులు మట్టుకే కాదు, డెబ్బది ఏళ్ల మారులమట్టుకు’ అని యేసు జవాబిచ్చాడు. ఈ వాక్యంలో ‘ఏళ్ల’ అనే మాటకు సంవత్సరాలు అని అర్థం చెప్పుకోవచ్చునా అని ఒకరు అడిగారు. చెప్పుకోరాదు. ఏడు అనే సంఖ్యకూ, సంవత్సరం అనే అర్థంగల ఏడుకూ బహువచనం ఒకటే కావడంవల్ల ఈ తికమక కలుగుతున్నది. ‘ఆరేళ్లు నలభైరెండు, ఏడేళ్లు నలభైతొమ్మిది’ అని ఎక్కాలు వల్లించినవారికి ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. ఆ లెక్కన డెబ్బది ఏళ్లు 490.

అయితే గ్రీకు మూలాన్ని 77 అని కూడా చదవవచ్చును. ఆదికాండము 4:24కు గల ప్రాచీన గ్రీకు అనువాదంలో కయీను వంశస్థుడైన లెమెకు నోట ఇదే పదబంధం వస్తుంది. అక్కడ మన తెలుగు బైబిలు ‘డెబ్బది యేడంతలు’ అన్నది. తనను గాయపరచినందుకు ఒక మనిషిని చంపానని భార్యల ముందు గొప్పలు చెప్పుకొని, తన విషయంలో ప్రతిదండన అన్ని అంతలుగా ఉంటుందని లెమెకు ప్రకటించాడు. యేసు ఆ ప్రతీకారపు లెక్కనే తీసుకొని క్షమాపణకు వర్తింపజేశాడని చదివితే, సంఖ్య 77 అయినా 490 అయినా వాక్యం బలం తగ్గదు.

నా దృష్టిలో అసలు పట్టించుకోవలసిన మాట పేతురు ప్రశ్నలోని ‘ఎన్ని మారులు’ అన్నది. అతడు అడిగినది ఘోరమైన నేరం గురించి అని వచనం చెప్పదు. మళ్లీ మళ్లీ జరిగే తప్పిదం గురించి అని మాత్రం తెలుస్తున్నది. మన గేటుకు అడ్డంగా నిలిపిన పొరుగువారి స్కూటరు గాని, ఆరేసిన బట్టల మీద పై అంతస్తునుంచి పడే మురికినీరు గాని ఒక్కసారైతే ఎవరూ గుర్తుపెట్టుకోరు. ‘నిన్న కూడా ఇలాగే చేశాడు’ అనుకొన్నప్పుడే దానికి బరువు వస్తుంది, అంటే విసుగు పుట్టేది లెక్కలోనే. పేతురు కూడా ఆ లెక్కకు ఒక ముగింపు కోరుతున్నాడు.

దానికి జవాబుగా వచ్చిన ఉపమానంలో ఒక దాసుడు తన యజమానునికి పదివేల తలాంతులు అచ్చియున్నాడు, అంటే బాకీపడ్డాడు; అతని తోడిదాసుడు అతనికి నూరు దేనారములు అచ్చియున్నాడు. రెండవది లెక్కలోకి రాని చిల్లర అని ప్రసంగాలలో తరచుగా వింటాము గాని, నేను దానితో ఏకీభవించను. మత్తయి 20:2 ప్రకారం దేనారము ఒక దినపు కూలి. వంద రోజుల కూలి ఏ కూలివానికీ చిల్లర కాదు. తలాంతుకు ఆరువేల దేనారముల చొప్పున మొదటి అప్పు ఆరు కోట్ల దేనారములు కాబట్టి, దాని పక్కన మాత్రమే రెండవది చిన్నదిగా కనబడుతుంది. మొదటి దాసుడు ‘నాయెడల ఓర్చుకొనుము’ అని గడువు అడిగితే, యజమానుడు కనికరపడి అప్పునే క్షమించాడు. ‘కృప’ అనే మాట ఈ కథలో ఎక్కడా రాదు. అడిగినదానికీ దొరికినదానికీ మధ్య ఉన్న ఈ తేడాయే దాని అర్థాన్ని చూపుతున్నది. స్కూటరు అడ్డంపెట్టినవాడు మనకు నిజంగానే బాకీపడ్డాడు. ఆ బాకీని వసూలు చేయడానికి, మొదటి దాసుడు తన తోడిదాసుని పట్టుకొన్నట్లు, గొంతు పట్టుకొనేవాడు అప్పుడే ఎంత మాఫీ పొంది బయటికి వచ్చాడో ఉపమానం గుర్తుచేస్తుంది.

మరి నోరు మూసుకొని భరించాలా అని అడిగినవారికి జవాబు అదే అధ్యాయంలో, 15వ వచనంలో ఉన్నది. తప్పిదము చేసిన సహోదరుని గద్దించమనే అక్కడ చెప్పబడినది. కాకపోతే ‘నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు’ అన్న నియమం ఉన్నది కనుక, స్కూటరు ఫొటో తీసి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఆ నియమంలోకి రాదు.