మాల్టా లాంటి చిన్న దేశం ఓఎస్‌సీఈ అధ్యక్షత ఖర్చు నెత్తినేసుకోవడం సబబేనా?

గోదారిగట్టు:
2024లో 57 దేశాల ఓఎస్‌సీఈకి, అంటే యూరప్ భద్రతా సహకార సంస్థకు, మాల్టా అధ్యక్షత వహించింది. ఐదున్నర లక్షల జనాభా ఉన్న దేశం. రాజధానిలో ప్రత్యేక బృందం, సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న వియన్నాలో అదనపు సిబ్బంది, ప్రత్యేక ప్రతినిధుల ప్రయాణాలు, డిసెంబరులో రెండు రోజుల మంత్రుల సమావేశం. ఆ సమావేశానికే ఆరు భాషల అనువాద క్యాబిన్లు, విడిగా మాట్లాడుకునే గదులు, పదుల సంఖ్యలో మంత్రులకు భద్రత కావాలి. ఇందులో సింహభాగం సొంత ఖజానాదే. అదే డబ్బు పొరుగు రాజధానుల్లో శాశ్వత సిబ్బంది మీద పెడితే ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఏడాదికి చేతులు మారే పీఠం మీద పెట్టడం దండగ.

పాతబస్తీ:
సంస్థకు సొంత బడ్జెట్ ఉంది కదండీ?

లెక్కలమాస్టారు:
ఉంది గానీ కదలదు. ఆఖరిసారి ఆమోదం పొందింది 2021 బడ్జెట్, సుమారు 13.8 కోట్ల యూరోలు. 57 దేశాలూ సరే అంటేనే కొత్తది. అది కుదరక పాత మొత్తంలో పన్నెండో వంతు చొప్పున నెలనెలా విడుదల చేస్తున్నారు. అద్దెలు, కరెంటు బిల్లులు పెరిగాయి, కేటాయింపు పెరగలేదు. ఉక్రెయిన్ పర్యవేక్షణ మిషన్ పొడిగింపుకు రష్యా ఒప్పుకోక 2022 మార్చి 31తో గడువు తీరింది. తర్వాత అక్కడ మొదలైన కార్యక్రమం విరాళాల మీద నడుస్తోంది. మాల్డోవా, బోస్నియా మిషన్ల గడువు పొడిగించాలన్నా, బడ్జెట్ తేల్చాలన్నా వియన్నాలో సంస్థ సమావేశాలు జరిగే హాఫ్‌బర్గ్ ప్యాలెస్‌లో అందరినీ కూర్చోబెట్టి ఒప్పించాల్సింది అధ్యక్ష దేశమే. కుర్చీ ఖాళీగా ఉంటే ఆ పని ఎవరు చేస్తారు?

గోదారిగట్టు:
మాస్టారూ, మీరు సంస్థ ఇబ్బందులు చెబుతున్నారు, నేనడిగింది మాల్టా జేబు గురించి. పోయిన చర్చలోనూ ఇలాగే పక్కకు తీసుకెళ్లారు. ఓఎస్‌సీఈ క్షేత్ర మిషన్లలో విదేశీ ఉద్యోగులు చాలామంది డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్లే. జీతం పంపిన దేశానిది, సంస్థ ఇచ్చేది వసతి భోజన భత్యం. అందుకే డబ్బున్న దేశాల మనుషులే ఎక్కువ కనిపిస్తారు. చిన్న దేశం ఇద్దరు ముగ్గురిని బాల్కన్లకు పంపితే, ఆ అనుభవం వాళ్ల విదేశాంగ శాఖలో పాతికేళ్లు ఉంటుంది. అధ్యక్షత కోసం తాత్కాలికంగా తీసుకున్నవాళ్లు డిసెంబరు 31 దాటాక ఎక్కడుంటారు?

లెక్కలమాస్టారు:
డిప్యుటేషన్ మాట ఒప్పుకుంటాను. కానీ మాల్టాకు అసలు కరువైంది వ్యవధి. మామూలుగా పీఠం ఎవరిదో రెండు మూడేళ్ల ముందే తేలుతుంది. గత, ప్రస్తుత, రాబోయే అధ్యక్షుల త్రయంలో ముందు ఏడాదంతా కూర్చుని పని నేర్చుకుంటారు. 2024కు ఎస్తోనియా ముందుకొస్తే రష్యా అడ్డుపడింది. మాల్టా పేరు ఖాయమయ్యేసరికి 2023 డిసెంబరు వచ్చేసింది. నెల కూడా లేదు.

గోదారిగట్టు:
అదే నా బాధ! రష్యా వద్దంది కాబట్టి ఎస్తోనియా పక్కకు తప్పుకోవాలి, దానికి నచ్చిన తటస్థ దేశం వచ్చి కూర్చోవాలి, ఆ ఖర్చు మాల్టా ప్రజలు కట్టాలి. 2022లో అధ్యక్ష దేశంగా పోలండ్ తన సమావేశానికి రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్‌ను రానివ్వలేదు. 2024లో మాల్టా రానిచ్చింది. ఉక్రెయిన్ మీద దండయాత్ర మొదలయ్యాక ఆయన ఈయూ గడ్డ మీద కాలుపెట్టడం అదే మొదటిసారి. ఇంత డబ్బు పోసి కొన్నది ఇదా?

కృష్ణాతీరం:
అంటే మీ గొడవ ఖర్చు గురించి కాదన్నమాట. ముందే చెప్పాల్సింది.

లెక్కలమాస్టారు:
రానివ్వకపోతే ఏమయ్యేదో కూడా చెప్పండి. ప్రధాన కార్యదర్శితో కలిపి సంస్థలో నాలుగు పెద్ద పదవులు 2024 సెప్టెంబరు నుంచి ఖాళీగా ఉండేవి. ఎన్నికల పరిశీలన చూసే వార్సా కార్యాలయానికి కూడా అప్పుడు డైరెక్టర్ లేరు. మాల్టా సమావేశంలో నాలుగూ భర్తీ అయ్యాయి. రష్యా ఒప్పుకోకుండా ఒక్కటి కూడా అయ్యేది కాదు.

గోదారిగట్టు:
బడ్జెట్ అయిందా?

లెక్కలమాస్టారు:
కాలేదు. 2025లో ఫిన్లాండ్ కూడా అదే పన్నెండో వంతుతో మొదలుపెట్టింది.