సీబీఏ కోచ్ కెరీర్ పట్టికలో గెలుపోటములకీ స్థానానికీ లెక్క కుదరడం లేదు, సాయం చేయగలరా?

అమెరికాలో ఎన్‌బీఏ (అక్కడి అగ్రశ్రేణి బాస్కెట్‌బాల్ లీగ్) కింది స్థాయిలో, అంటే కాంటినెంటల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ (సీబీఏ)లో, ముందు ఆడి తర్వాత కోచ్ అయిన ఒకాయన కెరీర్ పట్టిక తెలుగులో వేస్తున్నాను. చిక్కల్లా 1980ల సీజన్లతోనే. ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన జట్టు కింద, తక్కువ గెలిచింది పైన కనిపిస్తోంది.

కారణం తెలుసు. అప్పట్లో సీబీఏలో స్థానాలు గెలుపుల్ని బట్టి కాదు, పాయింట్లని బట్టి ఇచ్చేవారు. మ్యాచ్‌కి మొత్తం 7 పాయింట్లు: గెలుపుకి 3, గెలిచిన ప్రతి క్వార్టర్‌కీ (మ్యాచ్‌లో నాలుగో వంతు) 1. క్వార్టర్ సమమైతే చెరి సగం. ఉదాహరణకి 28-26, 25-23, 27-25, 20-30 అనుకోండి. మొత్తం 100-104, మ్యాచ్ పోయింది. అయినా ఓడినవాళ్లకి 3 పాయింట్లు, గెలిచినవాళ్లకి 4 మాత్రమే! ప్రో కబడ్డీలో స్వల్ప తేడాతో ఓడితే ఒక పాయింటు ఇచ్చేవారు కదా, ఇది దానికి పెద్దన్న.

1990-91లో జార్జ్ కార్ల్ కోచ్‌గా సీబీఏ జట్టు ఆల్బనీ పేట్రూన్స్ 50-6తో (50 గెలుపులు, 6 ఓటములు) ముగించింది. అలాంటి సీజన్‌లో గెలుపులకే 150 పాయింట్లు, మిగతావి క్వార్టర్లవి. ఒక్క గెలుపోటముల గడి పెడితే అసలు కథ పోతుంది.

క్వార్టర్ల గెలుపుకి వేరే గడి పెట్టాలా, స్థానం పక్కన మొత్తం పాయింట్లు వేస్తే చాలా? ఇంకోటి: సీజన్ మధ్యలో పది రోజుల కాంట్రాక్టు మీద ఎన్‌బీఏకి వెళ్లి తిరిగొచ్చిన ఆటగాడికి ఒకే వరస చాలా, రెండు వేయాలా? రెండైతే సగటు తప్పుతుందని అనుమానం. పాత క్వార్టర్ స్కోర్లు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి.