సమస్యాపూరణం – ఈ వారం సమస్య: "కొన్న కొలఁది చేతఁ గూడె ధనము"

మాంబళంవాసి (నిర్వహణ):
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం నెల్లూరు నుంచి మా పెద్దమ్మ, ఆవిడ కోడళ్ళిద్దరూ పెళ్ళి చీరల కోసం వచ్చారు. పొద్దున పానగల్ పార్కు దగ్గర మొదలుపెట్టి ఉస్మాన్ రోడ్డు, పాండీబజారు అన్నీ చుట్టేసరికి చీకటి పడింది. ఇంటికొచ్చాక పెద్దమ్మ సంచులన్నీ చాప మీద పరిచి, కాగితం మీద లెక్క వేసుకుని, "ఇన్ని కొన్నా డబ్బు మిగిలిందిరా!" అంది. రెండు రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. చివరికి సమస్యగా కుదిరింది.

ఇది ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే, అంటే ఒక్కోటీ గురువు-లఘువు (సాగే అక్షరం, పొట్టి అక్షరం) గానీ మూడు లఘువులు గానీ. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొత్తు, 'కొ–గూ'. మిగతా మూడు పాదాలు మీవి. కొన్నకొద్దీ డబ్బు తరగాలి, ఇక్కడ పెరిగింది. ఆ ముడి విప్పాలి. చెన్నపట్నంలో మీరు కొన్నవి, తిరిగినవి మాత్రమే రాయండి. ఈ వీధులుండే త్యాగరాయనగర్ (టీనగర్) పేరులోని పిట్టి త్యాగరాయ శెట్టిగారూ, పార్కు పేరులోని పానగల్ రాజా రామరాయణింగారూ తెలుగువాళ్ళే. ఆ వీధుల మీద తెలుగు పద్యం రావడం నాకు ఎప్పుడూ సంతోషమే.

వేళచ్చేరి కోడలు:
నమస్తే అన్నయ్యగారూ. నాది మొదటి ప్రయత్నం.

ఆడి మాసమందు నంగళ్ళ తగ్గింపు
సగము ధరకె చీర సంచిఁ జేరె
మిగులు సొమ్ముఁ జూచి మేనత్త మురిసెను
కొన్న కొలఁది చేతఁ గూడె ధనము.

తమిళుల ఆడి నెల జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. మనకు ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేనట్టే వాళ్ళకు ఆడిలో ఉండవు. బేరాలు మందగిస్తాయి కాబట్టి కొట్లన్నీ తగ్గింపులు పెడతాయి. మా మేనత్త ఏటా ఆ నెల కోసమే కాచుకుని ఉంటుంది.

ఛందోమిత్ర:
అమ్మా, గణాలు యతులు శుద్ధంగా ఉన్నాయి. మొదటి పాదం చివర 'తగ్గింపు' విభక్తి లేకుండా వేలాడుతోంది. "నంగళ్ళు తగ్గింప" అంటే గణం చెడదు, వాక్యమూ కుదుటపడుతుంది.

అసలు అభ్యంతరం అర్థంలో ఉంది. సగం ధరకు కొంటే సొమ్ము మిగులుతుంది. మిగలడం వేరు, కూడడం వేరు. సమస్య 'గూడె' అంటోంది. చేతిలో ముందున్న దానికంటే ఎక్కువ కావాలి. అది మీ పద్యంలో జరగలేదు.

వేళచ్చేరి కోడలు:
మీరన్నది నిజమేనండి. ఆలోచించి మళ్ళీ వస్తాను.

కొత్త తమ్ముడు:
ఉద్యోగంలో చేరి నెల కాలేదు. బకెట్టు, చాప, దుప్పటి కోసం రంగనాథన్ వీధికి వెళ్ళాను.

రంగనాథన్ వీధి రద్దీలో తిరిగాను
బేరమాడి గొంతు బిగిసి పోయె
అడుగు కొక్క మాట యన్నయ్య తగ్గించె
కొన్న కొలఁది చేతఁ గూడె ధనము.

ఛందోమిత్ర:
రెండు, మూడు పాదాలు బాగున్నాయి నాయనా. మొదటి పాదంలో 'రంగ' సరే, తర్వాతి 'నాథన్' రెండు గురువులు, సూర్యగణం కాదు. 'రద్దీలో' మూడు గురువులు, ఒకటి, మూడు పాదాల చివర రెండుచోట్లా రావాల్సిన ఇంద్రగణం కాదు. "రంగనాథు వీధి రద్దిలో నడువంగ" అని చూడు.

మాంబళంవాసి:
అర్థం విషయంలో తమ్ముడిదీ కోడలమ్మాయి చిక్కే, మళ్ళీ చెప్పను. తమ్ముడికి వేరే మాట. మాంబళం స్టేషన్లో దిగి ఆ వీధిలోకి నేరుగా దూరితే సాయంత్రంపూట కాళ్ళు నేల మీద ఆనవు. 2023లో స్టేషన్ నుంచి టీనగర్ బస్టాండు దాకా ఆకాశవంతెన వేశారు. దాని మీద నడిచి వెళ్ళి ఉస్మాన్ రోడ్డు వైపు దిగు. కొనాల్సింది ముందు అటు చూసుకుని, చివరగా వీధిలోకి రా. బరువు సంచులతో స్టేషన్ పక్కనే ఉంటావు.

ఇంకొకటి. పేవ్‌మెంటు మీద పిన్నులు, రిబ్బన్లు అమ్మే ముసలమ్మల దగ్గర గొంతు బిగిసేదాకా బేరం వద్దు. ఆ పది రూపాయలు వాళ్ళకు రాత్రి భోజనం.

సూళ్ళూరుపేట అక్క:
అందరికీ నమస్కారం. నేను పద్యాలు చదివేదాన్నే గానీ రాసేదాన్ని కాదు. ఈ సమస్య చూడగానే నా బతుకే ఎవరో రాశారనిపించింది.

టోకు ధరకు చీర టౌనులోఁ గొని తెచ్చి
ఊరిలోన నమ్మె నొక్కొకటిగ
పెట్టుబడికి లాభ మిట్టుల జతపడ
కొన్న కొలఁది చేతఁ గూడె ధనము.

పన్నెండేళ్ళుగా ఇదే నా పని. తెల్లవారుజామున సూళ్ళూరుపేటలో లోకల్ రైలెక్కితే సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో దింపుతుంది. అక్కడి నుంచి మెట్రోలో ఒకే ఒక్క స్టేషన్, హైకోర్టు. పైకొచ్చి నాలుగడుగులు వేస్తే ఎన్నెస్సీ బోస్ రోడ్డు, దాన్ని ఆనుకుని గోడౌన్ వీధి. సందంతా బట్టల టోకు కొట్లే. ఒక చీర కావాలంటే ముఖం కూడా చూడరు. సెట్టు తీసుకోవాలి. ఒకే డిజైన్ ఆరు రంగుల్లో ఉంటుంది. అందులో రెండు రంగులు మా ఊళ్ళో ఎవరూ కట్టరని తెలిసే కొంటాను. మిగతా నాలుగింట్లో ఆ రెండింటి ధర రాబట్టుకోవాలి.

చీర చూడటం మా అమ్మ నేర్పింది. కొట్లో ట్యూబులైటు కింద కాదు, గుమ్మంలోకి తెచ్చి ఎండలో చూడాలి. పూర్తిగా విప్పించి జాకెట్టు ముక్క దాకా చూడాలి. నేత తప్పు ఎప్పుడూ లోపలి మడతలోనే ఉంటుంది. రుమాలు కొస తడిపి అంచు మీద గట్టిగా రుద్దితే రంగు దిగేదీ దిగనిదీ తేలిపోతుంది. ఒకసారి తొందరలో ఈ పని మానేశాను. ఎర్రంచు తెల్లచీరలు ఆరు, మొదటి ఉతుకులోనే గులాబి రంగయ్యాయి. ఆరుగురికీ డబ్బు వెనక్కిచ్చాను. కొట్టువాళ్ళు తీసుకోలేదు. ఆ నెల రైలు చార్జీలు కూడా చేతి నుంచే పోయాయి.

ఛందోమిత్ర:
అక్కయ్యా, ఇది పూరణ! కొన్నారు, అమ్మారు, లాభం వచ్చింది. 'కూడె' అన్న మాటకు పూర్తి న్యాయం జరిగింది. మూడో పాదంలో 'పెట్టు – ఇట్టు' ప్రాసయతి (రెండో అక్షరాల పోలికతో కుదిరే యతి) చక్కగా పడింది. ఒక్కటే దోషం, మొదటి పాదంలో 'టో–టౌ'. హల్లు ఒకటే అయినా అచ్చు కలవలేదు. ఓకారం ఉ, ఊ, ఒ లతో కలుస్తుంది. ఔకారం అ, ఆ, ఐ లతో. అందుకని యతి చెల్లదు.

సూళ్ళూరుపేట అక్క:
చెల్లదా? నాకు చెవికి బాగానే వినపడింది. మరి ఎలా మార్చాలి? 'టౌను' తీసెయ్యలేను. మా ఊళ్ళో అందరం 'టౌనుకి పోతున్నా' అనే అంటాం, జార్జిటౌనుకని అర్థం.

మాంబళంవాసి:
తీయక్కర్లేదక్కా. "జార్జిటౌను కేగి చవకగాఁ గొని తెచ్చి" అంటే? 'జా–చ' యతి సరిపోతుంది. 'టోకు' పోయినా 'ఒక్కొకటిగ' అమ్మారు కాబట్టి అక్కడ మూటగా కొన్నారని తెలుస్తూనే ఉంది.

సూళ్ళూరుపేట అక్క:
జార్జిటౌను మొత్తం వచ్చేసింది. ఇదే ఉంచండి తమ్ముడూ.

పల్లావరం తాతగారు:
నా మార్గం వేరు.

పల్లవపురి సంతఁ బాతపుస్తకములు
కట్టగట్టి తెచ్చి గదిని నింప
చదివినంత విద్య సంపదై వెలిగెను
కొన్న కొలఁది చేతఁ గూడె ధనము.

పల్లవపురమే పల్లావరం. ఇక్కడ శుక్రవారం సంతలో పాత ఫ్యాన్ల నుంచి కుక్కపిల్లల దాకా అన్నీ అమ్ముతారు, మూల ఎక్కడో పుస్తకాల గుట్టలూ ఉంటాయి. కుర్రతనంలో నాకు పుస్తకాలంటే మూర్ మార్కెట్టే. 1985లో అది కాలిపోయింది. అక్కయ్య రోజూ రైలు దిగే చోటు అదేనమ్మా. ఆ మెట్ల మీద నుంచి వెళ్ళేటప్పుడు నాకిప్పటికీ పాత కాగితం వాసన వచ్చినట్టుంటుంది.

ఛందోమిత్ర:
తాతగారూ, 'ధనము'కు విద్యాధనమని అర్థం తీయడం బాగుంది. కానీ విద్య 'చేతఁ' గూడుతుందా?

పల్లావరం తాతగారు:
పుస్తకం హస్తభూషణం అన్నారు కదా నాయనా. కొన్నది చేతిలోనే ఉంది.

ఛందోమిత్ర:
ఒప్పుకున్నాను.

తిరువొత్తియూరు మాస్టారు:
నేను మాట విరిచాను. సమస్యలోని 'కొన్న'ను కొనడంగా తీసుకోలేదు.

రైలు బస్సు మెట్రొ రాకపోకల తీరు
అరవమందు నంకె లంగడి ధర
వీధి వీధి తిరిగి విసుగక నే నేర్చు
కొన్న కొలఁది చేతఁ గూడె ధనము.

'నేర్చుకొన్న కొలఁది' అని అన్వయం. నేనిక్కడికి వచ్చిన కొత్తలో కూరల కొట్టువాడు 'తొళ్ళాయిరం' అన్నాడు. చివరి 'ఆయిరం' ఒక్కటే చెవిన పడింది. ఆయిరమంటే వెయ్యి అని తెలుసు కాబట్టి, పెళ్ళి వంటకు కొన్న కూరలకి వెయ్యిచ్చి వచ్చేశాను. తొళ్ళాయిరమంటే తొమ్మిదివందలు. వాడు పాపం సందు చివరిదాకా పరుగెత్తుకొచ్చి వంద చేతిలో పెట్టాడు. ఆ రాత్రే కూర్చుని అంకెలన్నీ నేర్చుకున్నాను. తొణ్ణూఱు అంటే తొంభై, నూరు కాదు. 'కొంజం కొరచ్చు కుడుంగ అన్నా' అని నవ్వుతూ అడగడం నేర్చుకున్నాక తగ్గించని వాళ్ళు నాకు తక్కువ మందే తగిలారు.

ఛందోమిత్ర:
విరుపు అమోఘం! 'మెట్రో'ను 'మెట్రొ' చేశారు. అన్యదేశ్యం కనుక ఊరుకోవచ్చు. 'అంకె లంగడి ధర' దగ్గర రెండు నామవాచకాలు ఢీకొంటున్నాయి.

వేళచ్చేరి కోడలు:
మాస్టారూ, చిన్నదాన్ని, తప్పయితే క్షమించండి. 'అరవం' అన్న మాట మా పక్కింటి తమిళులకు నొప్పిగా ఉంటుంది. వాళ్ళే నాకు చెప్పారు.

తిరువొత్తియూరు మాస్టారు:
తప్పేముందమ్మా, మంచి మాట చెప్పావు. వంద రూపాయలు తిరిగిచ్చిన మనిషి భాషను ఆయనకు నచ్చే పేరుతోనే పిలుస్తాను. "తమిళమందు నంకె, తగిన వెలయు" అని మారుస్తున్నాను. 'త–త' యతి. మిత్రమా, మీరన్న ఢీకొట్టడమూ పోయింది.

మాంబళంవాసి:
మాట విరిచే పూరణలు చాలావరకు చమత్కారం దగ్గరే ఆగిపోతాయి. ఇది అలా కాదు. విరిచాక వచ్చిన అర్థం, ఇన్నేళ్ళు ఇక్కడ బతికిన మనిషిది.

వేళచ్చేరి కోడలు:
అన్నయ్యగారూ, రెండో ప్రయత్నం. 'మిగలడం వేరు, కూడడం వేరు' అన్న మాట పట్టుకుని రాశాను.

ఆటొ యెక్కకుండ నంగళ్ళు తిరుగుచు
బాడుగ మిగులంగఁ బదిలపరచి
వేంకటేశు ముడుపు వేయుచుండఁగ నింట
కొన్న కొలఁది చేతఁ గూడె ధనము.

2021 నుంచి సాదా బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ ఉచితం కదా. టీనగర్‌కు నేను, అత్తయ్య అందులోనే వెళ్తాం. ఆటోకు అయ్యేది ఎంతో అంత ఇంటికి రాగానే పసుపుగుడ్డలో వేస్తాం. వట్టిగా మిగిల్చిన డబ్బయితే పాలకో కూరలకో కరిగిపోయేది. ఇలా వేయబట్టి పోయిన ఏడాది నలుగురం కొండకు వెళ్ళొచ్చాం.

ఛందోమిత్ర:
మొదటిదానికీ దీనికీ పోలికే లేదమ్మా. 'బాడుగ మిగులంగఁ బదిలపరచి' పాదం నాకు చాలా నచ్చింది. ఒక్క సందేహం. ముడుపు కట్టాక అది దేవుడి సొమ్ము, మన 'చేత' ఉన్నట్టు కాదు. "చిల్లరంత డబ్బఁ జేర్చుచుండఁగ నింట" అంటే యతీ కుదురుతుంది, ఆక్షేపణా ఉండదు.

వేళచ్చేరి కోడలు:
మీ పాదం నాకంటే బాగుందండి. కానీ మా ఇంట్లో ఉన్నది డబ్బా కాదు, పసుపుగుడ్డే. అత్తయ్యకు చదివి వినిపిస్తే "మన మూటను డబ్బా చేస్తావా?" అంది. అలాగే ఉంచుతాను.

సూళ్ళూరుపేట అక్క:
ఉంచమ్మా. ముడుపు కట్టేది మన చేత్తోనేగా.

మాంబళంవాసి:
నేనూ అక్క పక్షమే. కోడలమ్మాయి పద్యం ఉన్నదున్నట్టు సంకలనంలోకి వెళ్తుంది. అక్కది జార్జిటౌను పాఠంతో, మాస్టారిది తమిళమన్న సవరణతో. తాతగారిది మార్చేదేం లేదు. తమ్ముడూ, నీ మొదటి పాదం ఇంకా సరిచేసి పంపలేదు. శుక్రవారం లోపు పెట్టు.